మట్టి చదువు

పండ్రెండేండ్ల క్రిందట మేము పనిచేయుచుండిన పల్లెటూరి పాఠశాలలో మంచినీటికై యొక నూయి త్రవ్వించిరి. ఊరు కృష్ణకు కుడిగట్టున నున్నది. రెండు నిలువుల లోతు పోవునప్పటికి పెద్ద పెద్ద యిటుకలును, నల్లని కుండపెంకులును, వానితోడ నొక సీసపు నాణెమును బయలుపడినవి. కూలివాడు నాణెమును పైబట్టతో తుడిచి మా చేతిలో బెట్టెను. మేము పరమానందభరితులమై దానిని యింటికి గొనిపోయి చింతపండుతో తోమితిమి. ఒకవైపున నేనుగు, రెండవవైపున ఉజ్జయినీచిహ్నము కనబడినవి. ఇంకేమి! ‘శాతవాహనుల నాటి మా గ్రామము’ అను శీర్షికతో పాఠశాల వార్షికసంచికకు నాలుగు పుటల వ్యాసము వ్రాసివేసితిమి. దానిని తరగతిలో చదివి వినిపింపగా, కడపటి వరుసలో కూర్చుండు నొక బాలుడు లేచి, “మాస్టారండీ, నాణెం ఇటికల కింద దొరికిందాండీ, పైన దొరికిందాండీ?” అని యడిగెను. మాకు తెలియదు. కూలివాని నడుగుదమన్న నతడు వేరొక యూరికి పనికి బోయినాడు. నూతికి సిమెంటు వరలు దింపి యప్పటికే నెల దాటినది.

నాణెము ఇటుకల క్రింద దొరికినదేని, ఆ కట్టడము నాణెము నేలబడిన తరువాతి దగును. పైన దొరికినదేని, కట్టడము దానికంటె నెంతయో ప్రాచీనమైన దయినను గావచ్చును. మా నాలుగు పుటలలో ఈ విచారము సుంతయు లేదు. నాడు మాకు కలిగిన సిగ్గే ఈ వ్యాసమునకు మూలము.

ఆ బాలు డడిగిన ప్రశ్నయే తొలిపాఠముగా గల పాఠశాల యొకటి 1934 మొదలు 1937 వరకు నాలుగు వేసవులు ఇంగ్లండు దక్షిణభాగమున, డార్సెట్ మండలమందు నడచినది. దానికి కప్పు లేదు, గోడలు లేవు. డార్చెస్టర్ పట్టణమునకు రెండుమైళ్ల దూరమున నున్న మెయిడెన్ కాసిల్ అను కొండకోటయే దానికి తరగతి గది. కోట యనగానే మనకు కొండవీడో గోలకొండయో తలపునకు వచ్చును. ఇచ్చట నట్టి బురుజులు లేవు. కొండచుట్టును ఒకదాని వెనుక నొకటిగా పెనుపాములవలె చుట్టుకొన్న మట్టికట్టలును, వాని నడుమ లోతైన కందకములును మాత్రమే కలవు. లోపలి నేల 47 ఎకరములు. క్రీస్తునకు పూర్వము 3600 ప్రాంతముననే జనులచ్చట మొదటి కందకము త్రవ్విరి. ఇనుపయుగమున నది మహాదుర్గ మయినది. రోమనుల యేలుబడి కడపటి కాలమున లోపల నొక చిన్న దేవాలయము లేచినది. తరువాత గొర్రెలు మేయు బీడయినది.

ఆ కొండ సుద్దకొండ యగుట విద్యార్థులకు గొప్ప మేలయినది. తెల్లని సుద్దలో వేలయేండ్ల క్రిందట నెవరైన గుంజపాతిన గుంట త్రవ్వినచో, అందు తరువాత నిండిన నల్లమన్ను స్పష్టముగా గుండ్రముగా కనబడును. గుంజ ఎప్పుడో చివికిపోయినది, ఇల్లు పోయినది, ఇంటివారు పోయిరి, గుంట మాత్రము చెరగలేదు. మేము బడిలో నల్లబల్లమీద సుద్దతో వ్రాయుదుము. అచ్చట సుద్దబల్లమీద నలుపుతో వ్రాసియున్నది.

ఈ త్రవ్వకములను నడపినవారు మోర్టిమర్ వీలర్, ఆయన భార్య టెస్సా వీలర్, డార్చెస్టర్ మ్యూజియమునకు చెందిన డ్రూ అను నుద్యోగి. వేసవికి నూరుగురకు చేరువగా విద్యార్థులును సహాయకులును చేరుచుండిరి. వారిలో స్త్రీలు పెక్కుమంది. ఆ కాలమునకు ఇది విశేషమే. దీనికి కారణము చాలవరకు టెస్సా. అంతకుముందు 1930 మొదలు 1933 వరకు వెరులామియమ్ అను రోమను పట్టణము త్రవ్విననాడును విద్యార్థులకు తాపీ పట్టుకొనుట మొదలు పటము గీయుటవరకు నేర్పిన గురువు ప్రధానముగా నామెయే. అచ్చట రోమను రంగస్థలమును త్రవ్వి చేయి తిరిగిన కాత్లీన్ కెన్యన్ అను యువతియే తరువాత 1952 లో జెరికోను త్రవ్వి లోకప్రసిద్ధి గాంచినది. వీలర్ ఆజానుబాహువు, వాచాలుడు, ఎచ్చట నిలిచినను పదిమంది చూపు తనపై నిలుపుకొనగల వాడు. కావున కీర్తి యాయన పాలబడినది. టెస్సా జీవితమును గూర్చిన సమగ్రగ్రంథము 2012 లో గాని వెలువడలేదు. భర్తపేరి చాటున భార్య పనితన మణగిపోవుట మనకు క్రొత్త గాదు గనుక దీనిని విస్తరింపము.

విద్యార్థి దినచర్య యెట్టిది? నేలను చదరపు గళ్లుగా విభజించి, గడికిని గడికిని నడుమ నొక మట్టిగోడ విడిచి త్రవ్వుదురు. ఆ గోడ నిలువుముఖమే పుస్తకము. విద్యార్థి దానిని తాపీతో గీకి నునుపు చేసి, రంగు మారినచోట నిలిచి చూడవలెను. నల్లమన్ను, దానిక్రింద బూడిద, దానిక్రింద త్రొక్కుడు పడి గట్టిపడిన నేల, మరల నల్లమన్ను. ఒక్కొక్క పొరకు సంఖ్య వ్రాసిన చీటి గ్రుచ్చుదురు. పెంకు దొరికినను, ఎముక దొరికినను, బంగారమే దొరికినను దానికి పొరసంఖ్య తోడు లేక సంచిలోనికి పోరాదు. తరువాత కడుగుట, ఆరబెట్టుట, సిరాతో గురుతు వేయుట, గళ్లకాగితముమీద పొరలను కొలతకు గీయుట. కుందేటి బొరియలో జారిన నాణెము పైపొరనుండి క్రిందిపొరకు చేరి పండితుని సైతము మోసపుచ్చును. కావున బొరియను బొరియగా గుర్తించుట కూడ విద్యయే. వాన కురిసినచో సుద్ద జిగటయగును. ఎండ కాసినచో కన్నులు మిరుమిట్లు గొనును. పట్టభద్రులైన యువకులును యువతులును మోకాళ్లపై గూర్చుండి మన్ను గీకుచుండగా, ప్రక్కనే డార్సెట్ కూలివాడు పార పట్టి పనిచేయుచుండును. మన పట్టభద్రునకు చేతికి మన్నంటుట చిన్నతనము. మేమును అట్టివారమే కాకున్న, నూతిలోనికి దిగి చూచియే యుందుము గదా!

ఇంకొక పని కూడ విద్యార్థులపై బడెను. త్రవ్వకము చూడ జనము వచ్చుచుండిరి. వీలర్ వారిని తరిమివేయలేదు. విద్యార్థులు వారిని వెంటబెట్టుకొని త్రిప్పి, ఏమి కనబడినదో, ఎందుకు త్రవ్వుచున్నామో మామూలు మాటలలో చెప్పవలెను. పోవునప్పుడు వారికి బొమ్మల కార్డులు అమ్ముచుండిరి, ఒడిసెలరాళ్లు కూడ అమ్ముచుండిరి. సముద్రపు టొడ్డునుండి యెప్పుడో కోటకాపులు మోసుకొనివచ్చిన గులకరాళ్లవి. తూర్పువాకిటి చెంత నొక్కచోటనే 20,000 లకు మించి దొరకినవి గాన కొరతలేదు. చదువును సంతసరకు చేసెనని తోటిపండితులు కొందరు వీలర్‌ను ఎత్తిపొడిచిరి. మా మతము వేరు. చూడవచ్చిన రైతునకు చెప్పలేని చదువు, విద్యార్థికిని పూర్తిగా వచ్చినది కాదు.

1936 ఏప్రిలులో టెస్సా అకస్మాత్తుగా మరణించెను. ఆమె వయస్సు 43. లండనులో పురావస్తువిద్య కొక ప్రత్యేకసంస్థ నెలకొల్పుటకై భర్తతోగూడి యేండ్ల తరబడి పాటుపడి, అది 1937 లో తెరువబడుటను చూడకయే పోయినది. ఆమె లేని ఆ మొదటి వేసవిలో మెయిడెన్ కాసిల్‌కు వచ్చిన విద్యార్థులలో షియా నై అను చైనా యువకు డొకడు గలడు. వయస్సు 26. లండను విశ్వవిద్యాలయ కళాశాలలో చదువుచుండెను. టెస్సా ఏర్పరచిన పద్ధతినే ఆ మట్టిలో నేర్చుకొనెను.

అతడు స్వదేశమునకు దానినెట్లు కొనిపోయెనో చెప్పక తప్పదు. చైనా పడమటిదేశమైన గాన్సులో అంతకుముందు ఆండర్సన్ అను స్వీడను పండితుడు, చీజియా యను జాతికుండలు ముందటివనియు, యాంగ్‌షావ్ రంగుకుండలు తరువాతివనియు సిద్ధాంతము చేసియుండెను. లోకము దానిని నమ్మినది. 1945 లో షియా నై అచ్చట చీజియా సమాధు లొకటిరెండు త్రవ్వుచు, శవమును పూడ్చిన మన్నులో రంగుకుండల పెంకులున్నవని గమనించెను. సమాధికి గొయ్యి త్రవ్విననాటికే ఆ పెంకులు నేలలో నున్నవన్నమాట! కావున రంగుకుండలే ప్రాచీనములు. చేతిలో పట్టునన్ని పెంకులతో సిద్ధాంతము తలక్రిందులయ్యెను. మా తరగతి బాలుని ప్రశ్నకును దీనికిని భేద మేమియు లేదు. అటుపిమ్మట 1950-51 చలికాలమున హుయిషియన్ అనుచోట నతడు 19 రథములను వెలికి దీసెను. తీసెననుట సరికాదేమో. రథముల కొయ్య ఎన్నడో మన్నయిపోయినది. మన్నుకును ఆ మన్నుకును గల రంగుభేదమును, మెత్తదనమును పట్టుకొని చుట్టునున్న మట్టిని మాత్రమే తొలగింపగా, చక్రములు, ఆకులు, నొగలు రూపుకట్టినవి. తరువాత నతడు చైనా పురావస్తు సంస్థకు అధ్యక్షుడై 1985 లో మరణించెను.

ఇక మెయిడెన్ కాసిల్ కథలో ముఖ్యఘట్టము. తూర్పువాకిటియొద్ద కోటవారి శ్మశానము బయలుపడినది. ఆ యస్థిపంజరములలో కొన్నింటి పుఱ్ఱెలపై కత్తివేటులు గలవు. ఒకనివెన్నెముకలో ఇనుపమొన గ్రుచ్చుకొని యట్లే యున్నది. వీలర్ వెంటనే కథ నల్లెను: క్రీ.శ. 43 లో వెస్పాసియన్ నాయకత్వమున రోమను సేన వచ్చిపడినది, వాకిలి కాల్చినది, స్త్రీపురుష వివక్షత లేక నరికినది, రాత్రి చీకటిలో మిగిలినవారు తమవారిని తొందరతొందరగా పూడ్చిరి. ఆయన వచనము బహు మనోహరము. పాఠ్యపుస్తకములు దానిని తలదాల్చినవి. మేము కళాశాలలో చదువునప్పుడు ఆ ఘట్టము చదివి కన్నీరు పెట్టినవారమే.

ఈ మధ్య వేసవిసెలవులలో లండనున నున్న మా తమ్ముని యింటికి బోయితిమి. శని ఆదివారములు మాత్రమే వానికి తీరిక. శనివారము వానిని బలవంతపెట్టి రైలెక్కించి డార్చెస్టరునకు తీసికొనిపోయితిమి. స్టేషను ప్రక్కనే మామ్‌బరీ రింగ్స్ అను గుండ్రని మట్టిదిబ్బ గలదు. క్రొత్తరాతియుగమువారు దానిని కట్టిరి. రోమనులు దానినే మలచి మల్లరంగము చేసికొనిరి. పదునేడవ శతాబ్దిలో రాజునకును పార్లమెంటునకును యుద్ధము వచ్చినప్పుడు అచ్చట ఫిరంగులు నిలిపిరి. తరువాత నేరస్థులను బహిరంగముగా చంపిరి. నేడు పిల్లలు బంతి యాడుచున్నారు. అచ్చటినుండి నడచి కోట చేరితిమి. తూర్పువాకిలి తిన్నగా పోనీయదు. శత్రువును అటునిటు త్రిప్పి త్రిప్పి అలయించుట కట్టలను వంకరగా పెట్టిరి. పైకెక్కునప్పటికి గాలి మనిషిని త్రోయుచున్నది. మా మరదలు కట్టియిచ్చిన పులిహోర పొట్లము విప్పగా గొర్రెలు దగ్గరకు వచ్చినవి. “అన్నయ్యా, ఇంత దూరం వచ్చింది ఈ బీడు చూడటానికా?” అని తమ్ముడు నవ్వెను. త్రవ్వినచోట లన్నియు పూడ్చి గడ్డి మొలచినది. చూచుటకు నిజముగా ఏమియు లేదు. అదియే ఆ పాఠశాల మర్యాద. చదివిన పుటను మరల మూసి పోయినారు.

పట్టణములోని మ్యూజియములో ఆ వెన్నెముకను చూచితిమి. దానియెదుట నిలిచినప్పు డొక విషయము మాకు జ్ఞాపకమున మెదలినది. 2025 లో బోర్నుమత్ విశ్వవిద్యాలయమువారు ఆ యెముకలకు కర్బనపరీక్షచే కాలనిర్ణయము చేసి ప్రకటించిరి. ఆ చావు లన్నియు ఒక్కనాటివి కావు. క్రీస్తునకు పూర్వము ఒకటవ శతాబ్ది చివరినుండి క్రీ.శ. ఒకటవ శతాబ్ది తొలిభాగమువరకు, తరములమీద, విడివిడిగా జరిగినవి. రోమను సేన ఒక్కరాత్రి చేసిన మారణహోమమను కథ నిలువదు. దాయాదుల పోరులే కావచ్చును. వీలర్ కథ తప్పినది. కాని తప్పినదని తెలిసికొనుటకు ఆధార మేది? ఆయన శిష్యులు సంఖ్యవేసి, పటము గీసి, భద్రపరచిన యెముకలే. 1943 లో అచ్చయిన నివేదికలో ఏ సమాధి యెచ్చట, ఏ పొరలో, ఏ వస్తువుతో నున్నదో యంతయు గలదు. గురువుగారి యూహను కొట్టివేయుటకు కావలసిన సాక్ష్యమును గురువుగారే దాచిపెట్టిరి. తాను మనోహరముగా వ్రాసినదానిని తనవెనుకటివారు పరీక్షింపగల రీతిని ఎంతమంది చరిత్రకారులు వ్రాయుచున్నారు?

ఆ విశ్వవిద్యాలయమువారే 2009 మొదలుకొని డార్సెట్టులో విద్యార్థులచేత వేసవిత్రవ్వకములు చేయించిరి. వింటర్‌బోర్న్ కింగ్‌స్టన్ అను గ్రామమువద్ద ఆ విద్యార్థులు జాగ్రత్తగా తీసిన యెముకలనుండి వంశలక్షణములను పరీక్షించి 2025 జనవరిలో ‘నేచర్’ పత్రికలో ప్రకటించిన ఫలిత మొకటి మన యింటివారందరికిని వినిపింపదగినది. రోమనులకు ముందటి ఆ జాతిలో ఒక శ్మశానమునందలి వారిలో పెక్కుమంది ఒక్క తల్లివంశమునకు చెందినవారు. పురుషులు బయటినుండి వచ్చి చేరినవారు. అనగా ఆడుపిల్ల పుట్టినింటనే యుండెను, మగవాడు ఇల్లరికము వచ్చెను! ఇల్లరికపుటల్లుని గూర్చి మనవారు చెప్పుకొను పరిహాసములు ఆ యూర చెల్లియుండవు. ఆడుపిల్లను అత్తవారింటికి పంపుట సృష్ట్యాదినుండి వచ్చిన ధర్మమని వాదించు పెద్దలకు ఈ యెముక లేమి సమాధానము చెప్పునో వారే వినవలెను.

డార్చెస్టరున జీవించిన నవలాకారుడు థామస్ హార్డీ ఈ కోటమీదనే యొక చిన్నకథ వ్రాసినాడు. అందొక పురావస్తుప్రియుడు రాత్రివేళ దొంగతనముగా కోటలో త్రవ్వును. బంగారుపూత గల చిన్న ప్రతిమ దొరకును. మరల పూడ్చితినని చెప్పును. అతడు చనిపోయిన తరువాత ఆ ప్రతిమ యతని సామానులలో కనబడును. దానికి చీటి యున్నది గాని ఎచ్చట దొరికినదో చెప్పు వ్రాత లేదు. మేము తిరుగు రైలులో ఈ కథ చెప్పగా తమ్ముడు, “మీ నాణెం సంగతేమిటి మరి?” అనెను. వానికి మా నూతికథ తెలియును.

ఆదివారము బ్రిటిష్ మ్యూజియమునకు బోయితిమి. తెలుగువాడు లండనుకు పోయినచో చూడక తిరిగిరాని దచ్చట నొకటి కలదు: అమరావతి శిలలు. 1797 లో మెకంజీ ఆ దిబ్బను చూచెను. చింతపల్లినుండి కాపురము మార్చి అమరావతిలో క్రొత్తపట్టణము కట్టించుచుండిన వాసిరెడ్డి వేంకటాద్రినాయుని పనివారు అప్పటికే యచ్చటి యిటుకలును రాళ్లును తీయుచుండిరి. 1816 లో మెకంజీ మరల వచ్చి పటములు గీయించెను. 1845 లో ఎలియట్ త్రవ్వి తీసిన శిలలు మద్రాసు చేరి, అచ్చటినుండి 1859 లో ఓడ యెక్కినవి. 1877 లో సీవెల్ త్రవ్వెను. 1880 లో మద్రాసు గవర్నరైన బకింగ్‌హామ్ ప్రభువు మిగిలినదంతయు శుభ్రము చేయుడని ఆజ్ఞాపించెను. శుభ్రము చేసిరి. తరువాత బర్జెస్ వచ్చునప్పటికి మిగిలినవి శిలలు, నడుమ గొయ్యి. ఏ ఫలక మే వైపున నిలిచియుండెనో, దేనిక్రింద నేమి యుండెనో ఆ త్రవ్వకము వ్రాసిపెట్టలేదు. 1958-59 లోను, 1973-75 లోను మనవారు మిగిలిన యంచులలో పొరలు చూచుచు త్రవ్వి, స్తూపము క్రీ.పూ. మూడవ శతాబ్దివరకు పోవునని తెలిసికొనగల్గిరి. నడిబొడ్డున నున్న పుట మాత్రము చినిగిపోయినది. గాజుతలుపు వెనుక ఆ శిలల సౌందర్యము చూచి మేము మిక్కిలి పొంగితిమి, మిక్కిలి నొచ్చుకొంటిమి. వానిని దేశము దాటించిరని పలువురు దుఃఖింతురు. అది న్యాయమే. మట్టిని దాటించి వేసిన దుఃఖము దానికంటె పెద్దది. శిల యొకనాడు తిరిగి రావచ్చును.

మెయిడెన్ కాసిల్ చదువు మనదేశమునకు 1944 లో వచ్చినది. ఆ యేడు వీలర్ భారత పురావస్తుశాఖకు అధిపతియై, నేడు పాకిస్తానమందున్న తక్షశిలలో విశ్వవిద్యాలయములనుండియు శాఖనుండియు యువకులను రప్పించి సిర్కప్ దిబ్బమీద నొక శిక్షణశాల నడపెను. బి. బి. లాల్ మొదలగువారు అచ్చట తయారైరి. 1945 లో పుదుచ్చేరి చెంత అరికమేడులో త్రవ్వి, ఇటలీనుండి వచ్చిన యెఱ్ఱని పాత్రల కాలమునుబట్టి వానితో దొరికిన మనదేశపు కుండలకు కాలము కట్టిరి. ఆ కుండల పెంకులు ఆంధ్రదేశమున ఎచ్చట దొరికినను అప్పటినుండి గడియారమువలె పనికివచ్చినవి. తరువాత 1989-92 లో అచ్చటనే మరల త్రవ్వినవారు ఆ గడియారమును సవరించి, అరికమేడు ఇంకను ప్రాచీనమని చూపిరి. సవరింపనిచ్చిన వీలర్ పటములకు నమస్కారము.

ఇల్లు చేరిన వారమునకు బీరువాలోనున్న నాణెమును తీసి చూచితిమి. చింతపండు దాని నేమి చేసినదో యిప్పుడు బాగుగ తెలియుచున్నది, ఏనుగు తొండము సగము లేదు. ఒక కాగితముపై ఊరిపేరు, నూయి త్రవ్విన సంవత్సరము, నాణెమును చింతపండుతో తోమిన సంగతి, ‘ఇటుకల పైనో క్రిందనో తెలియదు’ అను మాట వ్రాసి పొట్లములో జేర్చితిమి. ఆ పాఠశాలలో నిప్పుడు పనిచేయుచున్న మిత్రుడు, వచ్చు వేసవిలో నూతికి ముప్పదియడుగుల దూరమున క్రొత్త గదులకు పునాదులు త్రవ్వుదురని వ్రాసినాడు. పారవేయుటకు ముందు జిల్లా పురావస్తు కార్యాలయమునకు తెలియజేయుమనియు, కూలివారు రాకముందే తాము నలుగురు పిల్లలతో గళ్లకాగితము పట్టుకొని యుండుమనియు జాబు వ్రాసితిమి. ప్రశ్న యడిగిన బాలు డిప్పుడు పెద్దవాడై విజయవాడలో ఉద్యోగము చేయుచున్నాడట. వానికి కూడ నొక జాబు వ్రాయవలసియున్నది.